నవ్వించేవాడికి చెవే ముఖ్యం

గోదావరి ఆవల – బస్తర్ చరిత్ర కథనాలు: 14

కిందటి భాగంలో అన్నమదేవుడి వంశం గురించి చెప్పుకున్నాం. ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు ఉత్తరానికి వచ్చి, దంతేశ్వరి అమ్మవారి అండన కొత్త రాజ్యం నిలబెట్టుకున్నాడని దంతెవాడలోని 1703 నాటి శాసనం చెబుతుంది. ఆ వంశం ఇరవయ్యో శతాబ్దంలో ప్రఫుల్లకుమారీదేవి చేతికి, ఆమె తరవాత కొడుకు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ చేతికి ఎలా వచ్చిందో కూడా చూశాం. ఈ వారం రాజుల్ని కాసేపు పక్కన పెడదాం. ఆ రాజ్యంలో జనాన్ని నవ్వించినవాళ్లు ఎవరు? నవ్వించడమనే పనిని వాళ్లు ఎలా చూశారు?

హాస్యం గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది చూసేవాళ్ల వైపు నుంచి రాశారు. భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు రకాలుగా విడగొట్టాడు. స్మిత, హసితాలు ఉత్తములకు, విహసిత, ఉపహసితాలు మధ్యములకు, అపహసిత, అతిహసితాలు అధములకు అని అంతస్తుల వారీగా పంచాడు. పెదవి కదిలీ కదలనట్టు నవ్వేవాడు పెద్దమనిషి, పొట్ట పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేవాడు పామరుడు. పాత్రధారి వైపు నుంచి చూస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. తెల్లవార్లూ ఆడాల్సిన ఆటకు పెద్దమనుషుల చిరునవ్వు ఏం సరిపోతుంది? అతనికి కావలసింది ఆ ఆరోరకం నవ్వే.

బస్తర్‌లోనూ దాని పైనున్న ఛత్తీస్‌గఢ్ మైదానంలోనూ ఆ ఆరోరకం నవ్వు పుట్టించినవాళ్లు పుస్తకాలు రాయలేదు. చాలామందికి అక్షరాలు రావు. వాళ్ల శాస్త్రం ఆటలోనే ఉంది. ఆటను దగ్గరగా చూస్తే అది దొరుకుతుంది.

సొరబుర్ర ముఖం

పుష్య పౌర్ణమి. వరి కోతలు, నూర్పిళ్లు అయిపోయి గాదెల్లో ధాన్యం ఉన్న రోజులు. బస్తర్ పల్లెల్లో కుర్రాళ్లు జట్టుకట్టి ఛేర్తా పాటలు పాడుతూ ఇంటింటికీ తిరుగుతారు. ఆడపిల్లలది వేరే జట్టు, వాళ్లవి తారా పాటలు. ప్రతి ఇంట్లోనూ చేటెడో దోసెడో ధాన్యం పెడతారు. పోగైన దానితో ఊరి బయట వండుకుని తింటారు. మైదానంలో ఛేర్‌ఛేరా అనే పండగకు ఇది బస్తర్ రూపం.

కుర్రాళ్ల జట్టులో ఒకడు నకటా. ముఖానికి తొడుగు ఉంటుంది. ఎండిన సొరకాయ బుర్రను కోసి, కళ్లకు, నోటికి కన్నాలు పెట్టి చేసిన తొడుగు అది. అదే బుర్రలో బస్తర్ మనిషి తాగే నీళ్లు, జావ, జీలుగు కల్లు మోస్తాడు. వంటింటి మూల నుంచి తెచ్చిన వస్తువే పండగ పూట ముఖమవుతుంది. 1940లలో బస్తర్ సంస్థానంలో పనిచేసిన వెరియర్ ఎల్విన్ మధ్య భారత గిరిజన కళ మీద 1951లో వేసిన పుస్తకంలో ఇలాంటి తొడుగులకు చోటిచ్చాడు. ఆయన వాటిని చేతిపనిగా చూశాడు. వేషం కట్టినవాడి వైపు నుంచి చూస్తే అవి ముందుగా ఒక ఇబ్బంది.

ముఖం మూసేస్తే నవ్వించేవాడి ఆస్తి సగం పోతుంది. కనుబొమ ఎగరెయ్యడానికి లేదు, మూతి విరవడానికి లేదు. మాట కూడా బుర్రలోంచి బొంగురుగా వస్తుంది. మిగిలింది ఒళ్లే. మెడ వాలు, మోకాలి వంపు, నడకలో తేడా, ఒక క్షణం ఆగి చటుక్కున తిరగడం, వీటితోనే పని జరగాలి. అందుకే నకటా వేసిన కుర్రాడు మొదట నేర్చుకునేది నడక. ఇంటి యజమాని ఎలా నడుస్తాడో గుమ్మంలోకి రాకముందే గమనించి, ధాన్యం పెట్టేలోగా అదే నడక నడిచి చూపించాలి. పిల్లలు ముందు బెదురుతారు, ఆ తరవాత నవ్వుతారు. భయానికీ నవ్వుకూ మధ్య దూరం ఎంతో కొలిచి ఆడటం ఈ వేషంలో అసలు కిటుకు.

తొడుగు వల్ల ఇంకో మేలు ఉంది. తొడుగు వెనక ఎవరున్నారో ఊరందరికీ తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండాలన్నది ఒప్పందం. కాబట్టి మామూలు రోజున పెద్దవాడి ముందు నోరెత్తని కుర్రాడు ఆ పూట అతని పిసినారితనాన్ని అతని వాకిట్లోనే ఆడి చూపించగలడు. మన పగటివేషగాళ్లకూ ఇదే రక్షణ. వేషం చేసిన తప్పుకు మనిషిని కొట్టరు.

వేట ఆటలో వైద్యం

కొండగావ్, నారాయణ్‌పూర్ వైపు మురియా ఆదివాసులకు మావోపాటా అనే ఆట ఉంది. అడవిదున్న వేట దాని కథ. ఊరి యువతీయువకుల ఉమ్మడి ఇల్లైన ఘోటుల్‌లోని యువకులు ఆడతారు. కొందరు వేటగాళ్లు, దున్న వేషం వేరే. దున్న తిరగబడి వేటగాణ్ని పడగొడుతుంది. పడిపోయినవాడి కోసం సిరహాను పిలుస్తారు. ఒంటి మీదికి దేవుడొచ్చి కారణం చెప్పేవాడు సిరహా. అతను వైద్యం చేస్తాడు, వేటగాడు లేస్తాడు, చివరికి దున్న చస్తుంది, అందరూ ఆడతారు.

కథలో కొత్తదనం ఏమీ లేదు. చూసేవాళ్లందరికీ తెలిసిన వేట, తెలిసిన వైద్యమే. వినోదమంతా అనుకరణలో ఉంది. ఊళ్లో నిన్న నిజంగా పూనకం వచ్చిన మనిషిని ఈ రోజు కుర్రాడు అనుకరిస్తాడు. ఎంతవరకు అనుకరించాలన్నది అతను తేల్చుకోవాలి. తక్కువైతే నవ్వు రాదు. ఎక్కువైతే దేవుణ్ని ఎగతాళి చేసినట్టవుతుంది, అదే ఊళ్లో రేపు అతనికే జ్వరమొస్తే ఆ సిరహా దగ్గరికే పోవాలి. హాస్యానికి హద్దు ఎక్కడ అని పట్నంలో మనం వాదించుకునే ప్రశ్నకు అక్కడ సమాధానం ఆట సాగుతుండగానే తేలిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్ల గొంతులు తగ్గితే హద్దు దాటినట్టు.

రాజుగారి కంటే ద్వారపాలకుడు ముఖ్యం

జగదల్‌పూర్‌కు తూర్పున, ఒడిశా సరిహద్దు వరకు భత్రా ఆదివాసుల ఊళ్లు. నాట్ అనే వాళ్ల నాటకం రాత్రంతా నడుస్తుంది. పొలాల మధ్య మైదానంలో, మడయి జాతరల్లో, పండగల్లో ఆడతారు. అభిమన్యు వధ, కీచక వధ, రావణ వధ, ఇలా భారత రామాయణ కథలు. మద్దెల, నగారా, తాళాలు, మోహరి సన్నాయి. ఆడవేషాలతో సహా అన్నీ మగవాళ్లవే. దేవతలకు, రాక్షసులకు తొడుగులు. ఈ ఆట ఒడిశా నుంచి వచ్చింది. బస్తర్ రాజు పురుషోత్తమదేవుడు పూరీ యాత్ర చేసి రథాల సంప్రదాయం తెచ్చాడని చెప్పే కథతో దీన్నీ ముడిపెడతారు. ఆట ప్రతి ఒడియా లిపిలో రాసి నాట్ గురువు దగ్గర ఉంటుంది.

ఇక్కడ నవ్వించేవాడికి ఒక అవకాశం దొరుకుతుంది. గ్రంథం భాష ఒడియా, పద్యాలు బరువైనవి. కూర్చున్నవాళ్ల ఇళ్లల్లో భత్రి, హల్బీ. ఈ ఎడంలో హాస్యగాడు నిలబడతాడు. సరిహద్దుకు అటువైపు కోరాపుట్‌లో ఆడే దేశియ నాట ఈ ఆటకు తోబుట్టువు లాంటిది. అందులో ఈ పని ద్వారి చేస్తాడు. ద్వారి అంటే రాజుగారి వాకిట కాపలావాడు. రాజు పద్యం ఎత్తుకుని తన ప్రతాపం చెప్పుకుంటాడు. ద్వారి దాన్ని ఊరి మాటల్లోకి దించుతాడు. దించేటప్పుడు ప్రతాపం కాస్త తరుగుతుంది.

ఆడేవాళ్ల లెక్కలో ఇది చిన్న వేషం కాదు. రాజు వేషగాడికి పద్యం కంఠతా వస్తే చాలు. ద్వారికి రాజు పద్యం కూడా రావాలి, తన మాట పైగా రావాలి. రాత్రి రెండు గంటలకు జనం కునికిపాట్లు పడుతుంటే వాళ్లను లేపే బాధ్యత రాజుది కాదు, ద్వారిది. కీచకుడి వేషగాడు తొడుగు బిగించుకోవడానికి ఆలస్యమైతే ఆ ఖాళీని నింపేదీ అతనే. ఆట మొత్తాన్ని లోపలి నుంచి చూస్తూ, బయటి నుంచి నడిపిస్తాడు.

మనవాళ్లకు ఇది తెలియని సంగతి కాదు. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ రంగులతో, నగలతో మెరిసిపోతారు. ఆట మధ్యలో దూరి ఊరి సంగతులు మాట్లాడేవాళ్లు కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు. బుర్రకథలో ఈ పని విభజన మరీ స్పష్టం. మధ్యలో కథకుడు, ఇటు హాస్యపు వంత, అటు రాజకీయపు వంత. పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ ఈ ముగ్గురి కూర్పును 1940లలో ప్రజా ఉద్యమాలకు ఆయుధంగా మలిచాడు. హాస్యపు వంత లేకపోతే రాజకీయపు వంత ఉపన్యాసమైపోతుందని బుర్రకథ దళాలన్నిటికీ తెలుసు.

గమ్మత్ ఆడే జోక్కడ్‌లు

కేశ్‌కాల్ ఘాట్ దిగి కాంకేర్, ధమ్తరి మీదుగా మైదానంలోకి వెళితే నాచా రాజ్యం. నాచా అక్కడి జానపద నాటకం. బస్తర్ కళల గురించి మాట్లాడుతూ నాచాలోకి వెళ్లడం దారి తప్పడమేం కాదు. హాస్యం గురించి లోపలి మాట మనకు వివరంగా దొరికేది ఇక్కడే.

పాతరోజుల నాచా ఖడే సాజ్. వాయిద్యగాళ్లు వాయిద్యాలు నడుముకు కట్టుకుని నిలబడే వాయించేవాళ్లు, కాగడాల వెలుగులో ఆట. రాజ్‌నంద్‌గావ్ దగ్గర రవేలీ అనే ఊళ్లో 1911లో పుట్టిన దులార్‌సింగ్, దావూ మంద్రాజీగా పేరుపడినవాడు, 1928 ప్రాంతంలో రవేలీ నాచ్ పార్టీ పెట్టాడు. వాయిద్యగాళ్లను కూర్చోబెట్టాడు, హార్మోనియం తెచ్చాడు, తరవాత పెట్రోమాక్స్ దీపాలు వచ్చాయి. భూస్వామి కొడుకు, నాచా కోసం ఆస్తంతా కరగదీసి 1984లో పేదగా పోయాడు. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం జానపద కళలకు ఆయన పేరిట పురస్కారం ఇస్తోంది.

నాచాలో ఆడవేషం కట్టిన మగవాణ్ని పరి అంటారు. నవ్వించేవాడు జోక్కడ్. చిన్న ప్రహసనాలు గమ్మత్‌లు. జోక్కడ్‌లు సాధారణంగా ఇద్దరు. అర్దళం పసుపు, సుద్ద తెలుపు, మసి నలుపు, ఈ మూడే ముఖాన. వస్తూనే తాళానికి అడుగేస్తూ మాట విసురుకుంటారు. ఒకడు తెలివైనవాడిలా, ఒకడు వెర్రివాడిలా మొదలవుతారు. వెర్రివాడు ప్రతి మాటనూ అక్షరాలా తీసుకుంటాడు, తెలివైనవాడు విసిగిపోతాడు, ఆట సగానికి వచ్చేసరికి ఇద్దరిలో ఎవరు ఎవరో తారుమారవుతుంది. రాసుకున్న ప్రతి ఉండదు. కథ చట్రం ఒకటి తెలుసు, మిగతాది అప్పటికప్పుడు.

అప్పటికప్పుడు అంటే నోటికొచ్చింది అనడం కాదు. జోక్కడ్ దగ్గర ఏళ్ల తరబడి పోగేసుకున్న మాటల నిల్వ ఉంటుంది. ఏ ఊరికి ఏది, ఏ ఘడియకు ఏది అన్నది ఎంచుకోవడం పనితనం. నిన్న పక్క ఊళ్లో పేలిన మాట ఈ ఊళ్లో పేలకపోతే దాన్ని అక్కడే వదిలేయాలి. పేలని మాటను రెండోసారి గట్టిగా చెప్పేవాడు కొత్తవాడు.

హబీబ్ తన్వీర్ నేర్చుకున్న పాఠం

రాయ్‌పూర్‌లో 1923లో పుట్టిన హబీబ్ తన్వీర్ లండన్‌లో రాడాలోనూ, బ్రిస్టల్‌లోనూ నాటకం చదివి, 1956లో బెర్లిన్ వెళ్లి బ్రెఖ్ట్ నాటకాలు చూసి 1958లో స్వదేశం చేరాడు. సొంత ఊరు వచ్చినప్పుడు రాత్రంతా నాచా చూసి, ఠాకూర్‌రామ్, మదన్‌లాల్ నిషాద్, లాలూరామ్, భుల్వారామ్ తదితరులు ఆరుగురిని ఢిల్లీ తీసుకెళ్లాడు. శూద్రకుడి మృచ్ఛకటికాన్ని మిట్టీ కీ గాడీగా ఆడించాడు. 1959లో ఆయన బృందం నయా థియేటర్ పుట్టింది.

అయితే ఊళ్లో పులుల్లా ఆడినవాళ్లు రాజధాని వేదిక మీద బిగుసుకుపోయారు. కారణం తెలియడానికి తనకు చాలా ఏళ్లు పట్టిందని తన్వీర్ తరవాత చాలాసార్లు చెప్పుకున్నాడు. మొదటిది భాష. హిందీ వాళ్ల అమ్మ నోటి మాట కాదు. రెండోది వేదిక మీద గీత గీసి ఇక్కణ్నుంచి ఇక్కడికి, ఈ మాట దగ్గర కుడికి, ఆ మాట దగ్గర ఎడమకి అని కదలికలు ముందే ఖాయం చేయడం. చదువు రాని నటుడికి కుడి ఎడమల లెక్క పట్టింపు లేదు. నాచాలో జనం మూడు వైపులా కూర్చుంటారు. ఎటువైపు నుంచి నవ్వు వస్తే, ఎటువైపు నుంచి ఎవరైనా మాట విసిరితే జోక్కడ్ అటు తిరుగుతాడు, అటే వెళతాడు, అదే మాటను ఇంకో రుచిలో మళ్లీ వడ్డిస్తాడు. అతని కాళ్లు చెవుల వెంట నడుస్తాయి. గీతలు గీసిన వేదిక మీద ఆ చెవులకు పని లేకుండా పోయింది.

1970ల మొదట్లో తన్వీర్ ఈ రెండూ మార్చుకున్నాడు. ఛత్తీస్‌గఢీలో మాట్లాడనిచ్చాడు, ముందు వాళ్లను ఆడనిచ్చి తరవాత కూర్పు చేశాడు. 1973లో రాయ్‌పూర్‌లో జరిగిన నాచా శిబిరం నుంచి మూడు పాత గమ్మత్‌లను కలిపి గావ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దామాద్ తయారైంది. హాస్య నటుడి పని గురించి మన దేశంలో దొరికిన పెద్ద పాఠాల్లో ఇదొకటి. చదువుకున్న దర్శకుడు చదువురాని నటుల దగ్గర నేర్చుకున్నాడు, నేర్చుకున్నానని ఒప్పుకున్నాడు.

1975లో వచ్చిన చరణ్‌దాస్ చోర్ దాని ఫలం. విజయ్‌దాన్ దేథా సేకరించిన రాజస్థానీ కథ. దొంగ ఒక గురువు ముందు సరదాకి ప్రమాణాలు చేస్తాడు. బంగారు పళ్లెంలో తినను, ఏనుగెక్కి ఊరేగను, రాణిని పెళ్లాడను, రాజునవ్వను. తనకు ఎలాగూ జరగనివి కదా అని ధీమా. గురువు ఒక్కటే అడుగుతాడు, అబద్ధం చెప్పొద్దని. ఆ తరవాత అన్నీ ఒకదాని వెంట ఒకటి ఎదురొస్తాయి. మదన్‌లాల్, ఆ తరవాత గోవింద్‌రామ్ నిర్మల్కర్ చరణ్‌దాస్ వేశారు. రాణి వేషం ఫిదాబాయిది. 1982లో ఈ నాటకం ఎడిన్‌బరో ఉత్సవంలో ఫ్రింజ్ ఫస్ట్ బహుమతి గెలుచుకుంది. ఆ భాష తెలియని ఊళ్లో ఆ నవ్వు ఎలా అందింది? నకటా వేసిన కుర్రాడికి ఈ ప్రశ్న వేస్తే వెంటనే జవాబిచ్చేవాడు. ఒళ్లు మాట్లాడింది.

ఈ నాటకం చివర దొంగ చచ్చిపోతాడు. అంతసేపు నవ్వించి ఒక్కసారిగా చంపేయాలంటే నటుడికి ధైర్యం కావాలి. నవ్వించేవాడు తన పాత్రను చివరిదాకా చులకన చేయకుండా ఉంటేనే అది కుదురుతుంది. చరణ్‌దాస్ తన మాట నిలబెట్టుకోవడానికి పడే పాట్లు జనానికి వేళాకోళం, అతనికి మాత్రం నిజమైన ఇరకాటం. పాత్రకు తన సంగతి నవ్వులాటగా తెలియకూడదు. గోవింద్‌రామ్‌కు 2009లో పద్మశ్రీ వచ్చింది.

నవ్వుకు చెల్లించిన మూల్యం

జోక్కడ్ మాట అందరికీ రుచించదు. 1930లలో సుఖ్‌రామ్, సీతారామ్ అనే ఇద్దరు నాచా కళాకారులు పొంగా పండిత్ అనే ప్రహసనం కట్టారు. గుడి ఊడ్చే జమాదారిన్, అంటూ మైలా అని కంగారుపడే పూజారి, ఇదే సామగ్రి. ఎక్కడ ముట్టుకుంటుందోనని పూజారి గంతులేస్తుంటే పల్లెల్లో దశాబ్దాలపాటు జనం నవ్వారు, అందులో పైకులాలవాళ్లూ ఉన్నారు. 1992 తరవాత అదే ప్రహసనం మీద దాడులు మొదలయ్యాయి. 2003లో మధ్యప్రదేశ్ ఊళ్లలో నయా థియేటర్ ప్రదర్శనలను గొడవ చేసి ఆపాలని చూశారు. ప్రహసనం మారలేదు, వినేవాళ్లు మారారు. పాత ఊళ్లో జోక్కడ్‌కూ పూజారికీ ముఖపరిచయం ఉండేది. ఆట అయ్యాక మర్నాడు చెరువు దగ్గర ఎదురుపడాలి. కొత్త జనానికి ఆ బంధం లేదు. తొడుగు వెనక ఎవరున్నారో తెలిసీ తెలియనట్టుండే ఒప్పందం అక్కడ చెల్లలేదు.

తన్వీర్ బృందం బస్తర్ కథను కూడా చేసింది. ప్రవీర్‌చంద్రను 1961లో ప్రభుత్వం రాజుగా గుర్తించడం మానేసింది. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పుల్లో ఆయన, ఆయనతోపాటు ఎందరో ఆదివాసులు చనిపోయారు. దాని ఆధారంగా 1985లో హిర్మా కీ అమర్ కహానీ వచ్చింది. ప్రజలు దేవుడిగా చూసే రాజు ఒకవైపు, ప్రగతి పట్టుకొచ్చామనే అధికారులు ఒకవైపు. రాజు గద్దె మంచిదని నాటకం అనదు, కాగితాల రాజ్యం మంచిదనీ అనదు. ఇద్దరి మాటా ఆదివాసికి అర్థం కాని చోట నిలబడి చూస్తుంది. మనకు తెలిసిన చోటే అది. రాజు పద్యానికీ ఊరి మాటకూ మధ్య నాట్‌లో హాస్యగాడు నిలబడేది అక్కడే.

సొరబుర్ర కుర్రాడు, సిరహాను అనుకరించేవాడు, ద్వారి, జోక్కడ్, ఈ నలుగురూ ఒకరినొకరు చూసి నేర్చుకున్నారని చెప్పలేం. కానీ వాళ్ల పని పద్ధతి ఒక్కటే. నవ్వు వాళ్ల నోట పుట్టదు, ఎదుటివాళ్ల దగ్గర పుడుతుంది. దాన్ని వెంటనే పట్టుకుని తిరిగి ఇవ్వడం వాళ్ల వృత్తి. అందుకే మాటకారి అయినంత మాత్రాన ఎవడూ మంచి హాస్యగాడు కాలేడు. వినగలిగినవాడే అవుతాడు. మనల్ని పాలించినవాళ్ల చరిత్రలో ఈ గుణం ఎంత అరుదో ఈ కథనాల్లో పదమూడు భాగాలుగా చూస్తూనే వచ్చాం.

వచ్చే భాగంలో: పూరీ నుంచి జగదల్‌పూర్ వచ్చిన రథం, గోంచా పండగ, వెదురు తుపకీలతో పెంగు కాయలు పేల్చే జనం.